డ్యాష్‌బోర్డు వెనక రబ్బరు వాషరు

నా చిన్నప్పుడు మా పెదనాన్న చర్చివాళ్ల ఆసుపత్రి వ్యాను నడిపేవారు. వెనక సీట్లు తీసేసి రెండు మడత మంచాలు, మందుల బీరువా, కిరసనాయిలు స్టవ్వు అమర్చిన పొడుగాటి బండి అది. మా పెద్దమ్మ అందులో నర్సు. డాక్టరమ్మగారితో కలిసి లంక గ్రామాలకు వెళ్లి, నాలుగేసి రోజులు బండిలోనే వండుకు తింటూ వైద్యం చేసి వచ్చేవారు. వాళ్లకు పిల్లలు లేరు. భవానీపురంలో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం.

ఒక ఏడాది, తుఫానుల రోజులు దగ్గరపడుతుండగా, వాతావరణ వార్తలు వినడానికి ఆసుపత్రివాళ్లు బండికి రేడియో కొన్నారు. బిగించే పని పెదనాన్నే పెట్టుకున్నారు. బ్యాటరీ నుంచి ఎర్ర వైరు లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, ఇంజనుకీ డ్యాష్‌బోర్డుకీ మధ్యనున్న ఇనప రేకుకి బెజ్జం వేశారు. డ్యాష్‌బోర్డు వెనక సందులో ఆయన చెయ్యి పట్టలేదు. నాకప్పుడు పదేళ్లు. నన్ను పిలిచి, గుండ్రటి రబ్బరు వాషరు ఒకటి చేతికిచ్చారు.

"ముందు దీన్ని బెజ్జంలో కూర్చోబెట్టు. తర్వాత అందులోంచి వైరు లాగు."

బండి లోపల వెల్లకిలా పడుకుని చెయ్యి దూర్చాను. వాషరు ఎన్నిసార్లు నొక్కినా జారిపోతోంది. బయట పెద్దమ్మ, ఇరుగుపొరుగువాళ్లు నిలబడి చూస్తున్నారు. "మా అమ్మాయి చెయ్యి పడితే పని అయిపోయినట్టేనండీ," అని పెదనాన్న వాళ్లతో అంటున్నారు. నేను వాషరు గౌను జేబులో వేసుకుని, వైరు ఒక్కటే లాగేశాను.

"కూర్చుందా అమ్మా?"

"కూర్చుంది పెదనాన్నా."

రేడియో పలికింది. అందరూ సంతోషించారు. ఆ వాషరు ఎందుకో నాకు తెలియదు. అబద్ధం ఆడానని మాత్రం తెలుసు.

వారం తిరగకుండానే బండి లంకలకు వెళ్లింది. మూడో రోజు మధ్యాహ్నం ఇంట్లో రేడియో తుఫాను వస్తోందని చెప్పింది. "బండిలో రేడియో ఉందిగా, వాళ్లూ వినే ఉంటారు. సాయంత్రానికి వచ్చేస్తార్లే," అంది అమ్మ. సాయంత్రానికి రాలేదు. మర్నాడూ రాలేదు. గాలికి మా వీధిలో పెంకులు లేచిపోయాయి. నాన్న గొడుగు పట్టుకుని ఆసుపత్రికీ ఇంటికీ తిరిగారు. నాకు వాషరు గుర్తొచ్చింది గానీ, దానికీ వాళ్లు రాకపోవడానికీ సంబంధం ఉంటుందని తోచలేదు.

మరో రెండు రోజులకి, నిండా బురద పట్టిన బండితో వచ్చారు. వెళ్లిన రెండో రోజే రేడియో మూగబోయిందట. వార్త తెలియక రోగులను చూస్తూ ఉండిపోయారు. నాలుగో రోజు పొద్దున్న లేచేసరికి రోడ్డు మీద నీళ్లు. రెండు రోజులు ఊరివాళ్లతో పాటు బడి మేడ మీద గడిపారు. పెద్దమ్మ జ్వరంతో దిగింది.

మర్నాడు పొద్దున్న పెదనాన్న నన్ను బండి దగ్గరికి పిలిచి వైరు చూపించారు. బెజ్జం దగ్గర తొడుగు తెగి, లోపలి రాగి కనిపిస్తోంది.

"అడ్డం రబ్బరు లేక, కుదుపులకి రేకు అంచు వైరుని కోసేసింది. రాగి రేకుకి తగిలి ఫ్యూజు పోయింది. ఆ ఫ్యూజు కూడా లేకపోతే బండే తగలబడి ఉండేది. వాషరేదమ్మా?"

లోపలికి వెళ్లి, పెన్సిళ్ల డబ్బాలో దాచిన వాషరు తెచ్చిచ్చాను. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

"పట్టలేదా?"

"పట్టలేదు."

"ఆ మాట అప్పుడే అని ఉంటే బెజ్జం ఆకురాయితో కాస్త పెద్దది చేసేవాణ్ణి. రెండు నిమిషాల పని." వాషరుని బెజ్జం దగ్గర పెట్టి చూశారు. తర్వాత అన్నారు, "నేనూ నోటి మాట అడిగి ఊరుకున్నాను, లైటు వేసి చూడలేదు. అందరి ముందూ నిన్ను పొగుడుతూ కూర్చుంటే, పట్టలేదని ఎట్లా చెప్తావులే."

బెజ్జం పెద్దది చేసి, కొత్త వైరు తెచ్చి, మళ్లీ నా చేతే పెట్టించారు. ఈసారి టార్చిలైటు వేసి చూశారు. తర్వాత ఆ లైటు నాకిచ్చి, తను బిగించిన ఫ్యూజూ బ్యాటరీ నట్లూ నన్ను చూడమన్నారు. అంతా అయ్యాక, "పెద్దమ్మకి నువ్వే చెప్పు," అన్నారు. చెప్పాను. ఆమె మంచం మీంచి నా మొహంలోకి చాలాసేపు చూసి, పక్కన కూర్చోమంది.

పెద్దయ్యాక నేనూ నర్సునే అయ్యాను. నరం దొరకనప్పుడు, మందు కొలత మీద అనుమానం వచ్చినప్పుడు, రోగి బంధువులు చూస్తుండగానే "నాకు కుదరడం లేదు, మీరొకసారి చూడండి," అని పక్కవాళ్లను పిలిచేదాన్ని. కొందరు నవ్వుకున్నారు. నా కింద పనిచేసిన పిల్లలు అదే మాట నాతో అంటే, ఎంత పనిలో ఉన్నా విసుక్కోకుండా లేచి వెళ్లాను. ఇన్నేళ్లయినా, ఆ మాట అనబోయే ముందు, ఎవరెవరు చూస్తున్నారా అని ఒక్కసారి చుట్టూ చూస్తాను. అయినా అంటాను.