నాలుగో వరుస ఫ్యాన్లు

ఆమెకు కూర్చోవడం చేతకాదు. అన్నం తింటూనే రెండుసార్లు లేచి పొయ్యి కట్టేశానో లేదో చూస్తుంది. బస్సెక్కాక తలుపు తాళం గుర్తొచ్చి గుండె గుబేలుమంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆడపడుచు 'బొంగరం' అని పేరు పెట్టింది. మొగుడు నోరు జారడంతో ఫ్యాక్టరీలోనూ అదే పిలుపు స్థిరపడింది.

ఆ ఫ్యాక్టరీ పని గాలిలో పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడును పట్టి, భూమి లోపలి రాళ్లలోకి పంపేయడం. గోడంత ఫ్యాన్లు వరుసలుగా నిలబడి గాలిని లాగుతాయి. వెనకున్న ఫిల్టర్లకు ఆ వాయువు అంటుకుంటుంది, వేడి చేస్తే విడిపోయి ట్యాంకులో చేరుతుంది. దాన్ని రాళ్లలోకి దింపే బోరుబావుల దగ్గరికి మోసే ట్యాంకరుకు డ్రైవరు ఆమె మొగుడే. ఆమె అంతకుముందు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసింది.

"అక్కడ వదిలిన పొగే ఇక్కడ పడుతున్నావన్నమాట. నీ పనికి కొదవ లేదమ్మా!" అని పక్కింటావిడ ఏడిపిస్తుంటుంది.

నాలుగో వరుస ఆమెది. కొంతకాలంగా ఆమె షిఫ్టులో, ఎంత వాయువు పట్టిందో చూపే ఆ వరుస మీటరు మిగతావాటికంటే పైన ఉంటోంది. అదంతా తన చలవే అనుకుంది. అనుకోదూ మరి? ఫిల్టరు అంచుల్లో దుమ్మును మెత్తటి కుంచెతో దులపడం ఆమె సొంత పద్ధతి. ఇంజనీరు కూడా మురిసిపోయాడు.

"అన్ని వరుసలకీ నీ కుంచె పద్ధతే పెడదాం. నిన్ను షిఫ్ట్ ఇన్‌చార్జిని చెయ్యమని పైకి రాశాను" అన్నాడు.

ఎన్నాళ్ల కోరిక అది! ఆ మాట విన్నాక ఆమెకు ఉన్న కాస్త స్థిమితం కూడా పోయింది.

ఇంతలో మొగుడు జ్వరంతో మంచమెక్కాడు. అతని బదులు వచ్చిన డ్రైవరు ట్యాంకరును గేటు దగ్గరే ఆపుకునేవాడు. మీటరు దిగిపోయింది. ఆమె కాలు కాలిన పిల్లిలా తిరిగింది. దులిపిన ఫిల్టరే మళ్లీ దులిపింది. ఇంటికెళ్లి, వేడినీళ్లు అడిగిన మొగుడి మీద ఇంతెత్తున లేచింది.

"ఇప్పుడే రావాలా నీకు జ్వరం?"

"అడిగి తెచ్చుకున్నానా?" అన్నాడతను దుప్పట్లోంచి.

అతను మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజు మీటరు లేచింది. ఆమె ఇంకా కుంచె ముట్టుకోనేలేదు. అలవాటైన ఇంజను చప్పుడు వినబడి కిటికీలోంచి చూసింది. రోజూ అతన్ని ఓసారి చూసి పనిలో పడేది. ఈసారి పొగ చూసింది. ట్యాంకరు పొగంతా తిన్నగా ఆమె ఫ్యాన్లలోకి పోతోంది.

అంటే మీటరును లేపింది కుంచె కాదు, ఈ పొగ. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ రేపు అన్ని వరుసలవాళ్లూ కుంచెలతో కుస్తీపడతారు, మీటరు కదలదు. అప్పుడు వాళ్లను నిలదీయాల్సింది ఇన్‌చార్జిగా తనే. విసవిసా బయటికి నడిచింది.

"ఇంజను ఆపొచ్చుగా! రోజూ ఇక్కడే ఎందుకు పెడతావ్?"

"ఆపితే నువ్వు చూడవుగా."

"ఏంటీ?"

"హారన్ కొడితే సెక్యూరిటీవాడు అరుస్తాడు. ఇంట్లో నువ్వెటూ ఒక్కచోట నిలబడవు. ఇక్కడ ఈ చప్పుడు వింటే ఒక్కసారి తలెత్తి చూస్తావు. అందుకని."

ఆమె చెయ్యి లోపలికి పెట్టి తనే తాళం తిప్పి ఇంజను ఆపింది. అటువైపు తిరిగొచ్చి క్యాబిన్‌లోకి ఎక్కి అతని పక్కన కూర్చుంది.

కాసేపటికి ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. "నాలుగో వరుస పడిపోతోంది! ఏమైంది బొంగరం?"

"పడనివ్వండి సార్. దాని అసలు లెక్క అదే. ఇన్నాళ్లూ మనం పట్టింది మా ఆయన పొగ."

ఇంజనీరు పొగగొట్టాన్నీ ఫ్యాన్లనూ మార్చి మార్చి చూశాడు. "మరి నేను పైకి రాసింది..."

"వెనక్కి తీసుకోండి" అంది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అతను వెనక్కి వెళ్లిపోయాడు.

"నా వల్లే పోయిందా?" అన్నాడు మొగుడు, మెల్లిగా.

"నీ వల్లే."

"వెళ్లి మీటరు చూసుకోవా మరి?"

"చూస్తాలే" అంది గానీ, లేవలేదు.