పద్నాలుగు సూదులు

నా చిన్నప్పుడు మా ఉదయగిరి వీధిలో అందరికంటే పెద్ద నేరచరిత్ర ఉన్న ప్రాణి పక్కింటి అక్క వాళ్ళ బర్రె. వీధి లెక్క ప్రకారం అది ఒక్క ఏడాదిలో అక్క పెదవి చీల్చింది, రెండు వేళ్ళు విరిచింది, పక్కటెముక ఒకటి పగలగొట్టింది. దాని కొమ్ములేమో చెవుల పక్కనుంచి కిందికి వంగి మెడను చూస్తూ ఉండేవి. ఆ కొమ్ములతో అది తనను తాను తప్ప ఎవరినీ పొడవలేదు. అక్క దగ్గర పాలు పోయించుకునే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు.

అక్క మొగుడు లారీ డ్రైవరు. లారీ ఊళ్ళో ఉన్న రోజుల్లోనే బర్రెకు కోపం వచ్చేది. లారీ బయలుదేరి వెళ్ళిపోయాక దానంత సాధువు జిల్లాలో ఉండేది కాదు.

గోడ అవతల అరుపులు మొదలవగానే మా అవ్వ రేడియో గొంతు పెంచేది. అరుపులు ఆగాక మరో అరగంట ఆగి, పసుపు ముద్ద పట్టుకుని వెళ్ళేది. వీధిలో ఆడవాళ్ళంతా అంతే. "ఏమ్మే, బర్రె పొడిచినాదా?" అని అడిగేవాళ్ళు. జవాబు కూడా మనమే ఇచ్చేస్తే అవతలి మనిషికి శ్రమ తప్పుతుంది. అక్క తలూపేది. దీన్ని మా వీధిలో పరామర్శ అనేవాళ్ళు.

నాకు పదేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో ఒక పొద్దున, నేను పిట్టగోడ మీద కూచుని ఉన్నాను. అక్క పాలు పిండి లేస్తోంది. స్నానానికి నీళ్ళు కాగలేదని అక్క మొగుడు పెరట్లోకి వచ్చాడు. చేతిలో లారీ జాకీ రాడ్డు ఉంది. మొదటి దెబ్బకు అక్క చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి ఎండు కట్టెలా చప్పుడు చేసింది. రెండోది భుజం మీద, మూడోది తల మీద. పాలచెంబు దొర్లిపోయి, నేల మీద తెల్లగా పారుతున్న పాలు మెల్లగా గులాబీ రంగుకు తిరిగాయి. నాలుగో దెబ్బకు అక్క అరవలేదు. బర్రె నెమరు వేస్తూ నిలబడి ఉంది.

అతను తలెత్తి నన్ను చూశాడు. "ఏం చూసినావు పాపా?" అన్నాడు, టైమెంతయిందని అడిగినట్టు.

"బర్రె పొడిచినాది" అన్నాను.

నాకెవరూ నేర్పలేదు. ఆ వీధిలో పదేళ్ళు పెరిగితే అదే వచ్చేస్తుంది, ఎక్కాల్లాగా.

స్పృహ లేని అక్కను ఎద్దుల బండిలో వేసుకుని గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళాం. అతను, మా అవ్వ, వీధిలోని ఆడవాళ్ళు ఏడెనిమిది మంది, నేను. డాక్టరు క్యాంపుకు పోయి ఉన్నాడు. ఉన్నదల్లా ఆత్మకూరు నుంచి బదిలీ మీద వచ్చిన నర్సమ్మ, పొట్టిగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు కనిపించే మనిషి. ఆమె తలకు కుట్లు వేసింది, చేతికి చెక్కలు పెట్టి కట్టింది. అక్క కళ్ళు తెరిచాక రిజిస్టరు ముందుకు లాక్కుని ఎట్లా అయిందని అడిగింది.

"బర్రె పొడిచినాదమ్మా" అన్నాడతను. ఆడవాళ్ళంతా తలలూపారు.

నర్సమ్మ వెనక పేజీలు తిప్పి చూసింది. "ఇది నాలుగోతూరి. ఊరికే ఇన్నితూర్లు పొడిచే గొడ్డుకు పిచ్చి పట్టుండాది. ఏదో పిచ్చికుక్క కరిచుంటాది. దాని పాలు ఎవురెవురు తాగినారు?"

ఒక్కొక్కటిగా అందరి చేతులూ లేచాయి.

"తాగినోళ్ళందరికీ సూదులెయ్యాల. బొడ్డు చుట్టూ, దినానికొకటి, పద్నాలుగు. ముందు నీకు," అంది అతనితో. "తర్వాత ఈయమ్మలకు. ఇళ్ళకాడ పిల్లోళ్ళుంటే తోలుకురాండి."

ఆ సూది గోనెసంచులు కుట్టే దబ్బనమంత ఉంటుందని మా బళ్ళో అందరికీ తెలుసు. చూసినవాళ్ళెవరూ లేకపోయినా.

ముందు మా అవ్వ దిగివచ్చింది. "బర్రెకేం పిచ్చి లేదమ్మా. నోట్లో చెయ్యి పెట్టినా కరవదు."

"మరి పొడిచినాది గదా అవ్వా?"

"పొడవలేదులే."

"అయితే ఎవురు?"

అవ్వ నా వెనక్కి జరిగింది. నర్సమ్మ నా వైపు తిరిగింది. నేను వేలు చూపించాను. "ఆయన. రాడ్డుతో. నాలుగు దెబ్బలు."

నా జీవితంలో నేనిచ్చిన తొలి నిజమైన వార్త అది. ధైర్యంతో ఇచ్చింది కాదు, బొడ్డు మీది మమకారంతో ఇచ్చింది.

అతని చెయ్యి లేవడం నాకు కనిపించలేదు. ఎడమ చెవి మీద పడింది. నేను గోడకు కొట్టుకుని కింద పడ్డాక కడుపులో తన్నాడు. చెవిలోంచి వెచ్చగా ఏదో మెడ మీదికి కారింది.

పసుపు ముద్దలు మోసిన ఆ చేతుల్లో అంత బలముందని నాకు అప్పుడే తెలిసింది. మా అవ్వ అతని జుట్టు పట్టి వంచింది. మిగిలినవాళ్ళు చెప్పులతో, మందుల ట్రేతో, చేతికందిన కర్రచెక్కలతో కొట్టారు. ముక్కు ఎముక విరిగిన చప్పుడు నాకు కుడి చెవిలో వినిపించింది. "పరాయి బిడ్డ మీద చెయ్యేస్తావంట్రా?" అంటోంది అవ్వ. అంతకు రెండు గంటల ముందు అతను చావగొట్టిన మనిషి పరాయిది కాదు. సొంతం. ఆ తేడా మా వీధికి బాగా తెలుసు.

పోలీసులకూ తెలుసు. కానిస్టేబులు వచ్చి, చిన్నపిల్లను కొట్టినాడని కాగితం రాసి అతన్ని తీసుకుపోయాడు. అక్క సంగతేందని నర్సమ్మ అడిగితే, "మొగుడూ పెళ్ళాల యవ్వారం మనకెందుకులేమ్మా" అన్నాడు. విరిగిన చెయ్యి ఆ కాగితంలో లేదు.

నర్సమ్మ నా చెవిలో దూది పెట్టి, అక్క మంచం పక్కన కూచోబెట్టుకుంది. ఏ చేత్తో కొట్టాడు, ఎక్కడ, ఎన్నిసార్లు అని అడిగి, నేను చెప్పింది చెప్పినట్టు రిజిస్టరులో రాసింది. రాయడమయ్యాక మూయబోతుంటే మంచం మీదనుంచి అక్క గొంతు వచ్చింది.

"నాయి గూడా రాయమ్మా."

"ఎప్పటియ్యి?"

"పెళ్ళయిన కాడ్నుంచి."

నర్సమ్మ మళ్ళీ పెన్ను మూత తీసింది. అక్క చెప్పసాగింది. బెల్టు, బీడీ, మూడో నెల కడుపు మీద తన్నిన తన్ను, ఆ తర్వాత పోయిన బిడ్డ. మా అవ్వతో సహా ఆడవాళ్ళంతా గోడకు ఆనుకుని నిలబడి, ఇన్నాళ్ళూ రేడియో మోతలో మునిగిపోయినవన్నీ ఒక్కటొక్కటే విన్నారు. నర్సమ్మ పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. ఆ పేజీల మీదే తర్వాత ఆత్మకూరు కోర్టులో రెండో కేసు నడిచింది. అక్క మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

పెద్దయ్యాక నేను పత్రికలో చేరి, ఇళ్ళలో జరిగే నేరాల గురించి రాయడమే పనిగా పెట్టుకున్నాను. సభల్లో నన్ను ధైర్యవంతురాలని పరిచయం చేస్తారు. నేను సూదుల సంగతి ఎత్తను. ఎడమ చెవి మాత్రం ఆ రోజునుంచి పనిచేయదు. అందుకని ఏ ఇంటికి వెళ్ళినా, దెబ్బలు తిన్న ఆమెను నా కుడిపక్కన కూర్చోమంటాను. ఏమయిందని ఒక్కసారి అడిగి ఊరుకుంటాను. చాలాసేపు ఏ మాటా ఉండదు, నా రెండు చెవులకూ తేడా తెలియనంతగా. నేను లేవను. ఎప్పటికో ఆమె "పెళ్ళయిన కాడ్నుంచి" అని మొదలుపెడుతుంది.