మిట్టమధ్యాహ్నపు మంత్రగత్తెలు

ఆ కాలంలో మా ఎమ్మిగనూరులో ఒక ఆడపిల్ల మంత్రగత్తె కావాలనుకుంటే మంత్రాలు దొరకడం కష్టమేమీ కాదు, తీరిక దొరకడమే కష్టం. పొద్దున లేచి నీళ్ళు పట్టాలి, తమ్ముడికి తల దువ్వాలి, బడికి పోవాలి, వచ్చి బియ్యంలో రాళ్ళు ఏరాలి, దీపాలు పెట్టేవేళకు ఇంట్లో ఉండాలి. ఇక క్షుద్రశక్తుల్ని వశం చేసుకునేదెప్పుడు? ఎనభైలు అప్పుడే మొదలైనాయి. ఏ వారపత్రిక తెరిచినా ఒక మాంత్రికుడు, ఒక పుర్రె, ఆ పక్కన జుట్టు విరబోసుకుని కళ్ళు ఉరిమే ఒక అమ్మాయి. మా నాన్న బడిపంతులు కనక అలాంటి పత్రికల్ని గడప తొక్కనిచ్చేవారు కాదు (బళ్ళో ఖాళీ పీరియడులో ఆయన చదివేది అవేనని చాలా ఏళ్ళకు తెలిసింది). నేను వాటిని సాంఘికశాస్త్రం పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివేదాన్ని. అంతసేపు పుస్తకంలోంచి తల ఎత్తని పిల్లకు చరిత్రలో అన్ని తక్కువ మార్కులు ఎలా వస్తున్నాయో మా అమ్మకు చివరిదాకా అంతు పట్టలేదు.

మేము ముగ్గురం. పదో తరగతిలో ఒకే బెంచీ. దప్పమైన కళ్ళద్దాల పుణ్యమా అని నన్ను సోడాబుడ్డి అనేవాళ్ళు. రెండోది ఆదోని. దాని ఊరు అదే, పేరూ అదే అయిపోయింది. బస్టాండు దగ్గర హోటలు నడిపే మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది. ఆదోనిలో పత్తి మిల్లులున్నాయి, సినిమాహాళ్ళున్నాయి, అద్దెకు పుస్తకాలిచ్చే అంగడి ఉంది, మీ ఊళ్ళో ఏముంది అని మమ్మల్ని చులకన చేసేది. అయినా ఊరికి పోయి వచ్చినప్పుడల్లా లంగా మడతల్లో దాచుకుని పత్రికలు తెచ్చేది కాబట్టి ఆ చులకనను మేము ఓర్చుకునేవాళ్ళం. మూడోది కండె. నేతగాళ్ళ పిల్ల. మనిషి సన్నంగా, నూలు చుట్టిన కండెలాగా ఉండేది. రాట్నం ముందు కూర్చుంటే చెయ్యి కనిపించేది కాదు, కబుర్లు మొదలుపెడితే నోరు ఆగేది కాదు. మా ముగ్గురిలో గట్టిగా నవ్వేది అదే.

ఆ ఏడు వానలు పడ్డాక కండె వాళ్ళమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేలే అనుకున్నారు. వారం తిరక్కుండానే ఆమె పోయింది. పెద్దదినం రోజు నేను నాన్న వెంట కాలువ గట్టుకు పోయి దూరంగా నిలబడ్డాను. విస్తరి పెట్టారు. కాకి వచ్చింది, తుమ్మచెట్టు మీద కూర్చుంది, ముక్కు కొమ్మకేసి అటూ ఇటూ రుద్దుకుంది, విస్తరి వైపు చూడనైనా లేదు. పక్షి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని కదా లెక్క. ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇవ్వడం మొదలుపెట్టారు. "నీ బిడ్డను బాగ సూసుకుంటాం తల్లీ" అన్నాడు పెదనాన్న. కాకి కదల్లేదు. "మగ్గం మూలబెట్టనులే, నేనే నేస్తా" అన్నాడు కండె వాళ్ళ నాన్న. కాకి రెక్క కింద గోక్కుంది. "మంత్రాలయం పోయి నీ మొక్కు తీరుస్తాం" అంది చిన్నమ్మ. కాకి లేచి అవతలి గట్టు మీదికి ఎగిరిపోయింది. చివరికి పురోహితుడు (ఆయనకు ఇంకో ఊళ్ళో ఇంకో కార్యం ఉంది) దర్భతో కాకిని చేసి పిండానికి ముట్టించి, అయిందనిపించాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కండె మాత్రం ఖాళీ కొమ్మనే చూస్తూ ఉండిపోయింది.

తరువాత అది బడికి వచ్చింది గాని నోరు తెరవలేదు. ఏడవనూ లేదు. టీచరు ప్రశ్న అడిగితే లేచి నిలబడేది, కూర్చోమంటే కూర్చునేది. ఆదోని దానికోసం హోటల్ నుంచి మైసూర్‌పాకు తెచ్చింది, నేను హెడ్మాస్టరు నడక నడిచి చూపించాను. దేనికీ లాభం లేదు. ఒకరోజు ఇంటర్వెల్‌లో నీళ్ళ కుళాయి దగ్గర, మేము అడగకుండానే అది మాట్లాడింది. "జొరం రాకముందు దినం మా అమ్మ మగ్గంకాడికి రమ్మనింది మే. పోగు తెగింది, రవ్వంత పట్టుకో పాపా అనింది. నేను సీరియల్ సదువుతాంటి. పో మా, నీకెప్పుడూ మగ్గమే అంటి. మా అమ్మ నా మింద కోపంతోనే పోయినాది. అందుకే కాకి ముట్టలేదు." ఇంతే. మళ్ళీ నోరు మూసుకుంది. నేను కుళాయి కట్టేశాను. ఆదోని మాత్రం లంగాకు చేతులు తుడుచుకుని, పక్కింటికి పోయి చేటడగడం గురించి చెప్పినట్టు, "అయితే అడుగుదాం పా" అంది.

"ఎవుర్ని?"

"మీ అమ్మనే. కోపమా, ఇంగేమన్నా కావల్నా అని. పోయినోళ్ళను ఎట్ల పిలవల్లో ఈ వారందాంట్లో రాసిండారు."

నిజంగానే రాశారు. అమావాస్య అర్ధరాత్రి, శ్మశానం, కాటి బూడిద, పుర్రె, నల్లపిల్లి, విరబోసిన జుట్టు, రక్తసంబంధీకుల పిలుపు. వీటిలో మాకు అందుబాటులో ఉన్నవి జుట్టు, రక్తసంబంధం రెండే. అర్ధరాత్రి మాట దేవుడెరుగు, చీకటి పడ్డాక వీధిలో కనిపిస్తే మా అమ్మే నన్ను శ్మశానానికి పంపేది. కానీ దయ్యాలు మిట్టమధ్యాహ్నం కూడా తిరుగుతాయని అందరికీ తెలుసు, ఆ వేళప్పుడు పిల్లల్ని చింతచెట్ల కిందికి పోనివ్వరు. కాబట్టి ఆదివారం మధ్యాహ్నమని నిర్ణయించాం. శ్మశానం బదులు కండె వాళ్ళ మట్టిమిద్దె. కాటి బూడిద బదులు మా పొయ్యిలో కచ్చిక బూడిద. పుర్రె బదులు పీచు తీసి బొగ్గుతో కళ్ళు దిద్దిన కొబ్బరికాయ. నల్లపిల్లి కోసం పక్కింటి ఎర్రపిల్లికి మసి పూయబోతే అది నా చేతిని గీరి, మసి నా మొహానికే పూసి పారిపోయింది. మొహం ఎలాగూ నల్లబడింది కదా అని ఆదోని కూడా ఇంత పూసుకుంది. మంత్రం బాధ్యత పంతులుగారి అమ్మాయినని నాకు అప్పగించారు. నాకు వచ్చిన సంస్కృతమల్లా నాన్న కొట్టి నేర్పిన రామ శబ్దం ఒక్కటే. ముందునుంచి చదివితే పుణ్యం వస్తుందేమోనని భయపడి వెనకనుంచి చదవాలనుకున్నాను.

ఆ ఇళ్ళు చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా వైపు మట్టిమిద్దెల్లో వెలుతురు కోసం పైకప్పుకు ఒక బొక్క ఉంచుతారు, దాన్ని గవాక్షి అంటారు. వానొస్తే మూత పెడతారు, లేకపోతే అందులోంచి ఎండ స్తంభంలాగా ఇంట్లోకి దిగుతుంది. కండె వాళ్ళింట్లో ఆ ఎండ సరిగ్గా అమ్మ మగ్గం మీద పడేది. పిలవాలంటే అంతకు మించిన చోటు లేదు. వాళ్ళ నాన్న నూలు తేవడానికి పోయాడు. కాస్త చెవుడున్న అవ్వ (నాన్నమ్మ) పక్కింటికి పోయిందని కండె చెప్పింది. నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాం. మంత్రగత్తెలు ఒంటికాలి మీద నిలబడి చేసే తపస్సు ఎందుకో నాకు ఆ రోజే అర్థమైంది. కింద మట్టి అట్ల పెనంలా కాలుతోంది, రెండు కాళ్ళూ ఒక్కసారి ఆనించడానికి లేదు. ఆదోని వాళ్ళ మామయ్య గొడుగు తెచ్చింది గనుక ఆ నీడలో ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని గెంతుతూ నిలబడ్డాం. జడలు విప్పాం గాని, ఆదివారం పొద్దున అమ్మలు చెంబుడు నూనె పెట్టి బిగించి అల్లినవి కదా, విరబోసుకోవడానికి ఒప్పుకోక వంకర్లు వంకర్లుగా నిలబడ్డాయి. నేను రామ శబ్దం అందుకుని, మధ్యలో తప్పిపోయి, ఉన్నంతలో ముగించాను. "ఇంగ నువ్వు పిలువు" అంది ఆదోని.

కండె మోకాళ్ళ మీద వంగి గవాక్షి దగ్గర నోరు పెట్టింది.  నెల రోజులుగా సరిగ్గా వాడని గొంతుతో, మెత్తగా అంది. "అమ్మా... నీకేం కావల్ల మా? సెప్పు, ఏం కావల్లన్నా తెస్తా."

కింద ఏదో కదిలిన చప్పుడు. ఆపైన వణుకుతూ ఒక గొంతు పైకి వచ్చింది.

"ఉగ్గాని..."

ఆదోని గోళ్ళు నా చేతిలోకి దిగాయి. పిల్లి గీరినచోటే దిగాయి. అయినా నేను కిక్కురుమనలేదు.

"ఉగ్గాని, బజ్జీ" అంది ఆ గొంతు మళ్ళీ. కొంచెం ఆగి, ఎందుకైనా మంచిదన్నట్టు, "మిరపకాయ బజ్జీ" అని స్పష్టం చేసింది.

పరలోకం నుంచి వచ్చే సందేశాలు ఎలా ఉంటాయో సీరియల్లో చదివాను గాని వాటిలో బజ్జీ ఊసు ఎక్కడా లేదు. గొడుగు నా చేతిలోంచి జారిపోయింది. కండె తల ఎత్తి మా ఇద్దరి మసి మొహాలనూ ఒకసారి చూసింది. దాని మొహంలో ఏముందో నాకు తెలియలేదు. "బజ్జీ తెండి మే" అంది అంతే. మేము నిచ్చెన దిగామో దూకామో గుర్తు లేదు. బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఉగ్గాని మా వైపు పొద్దుటి తిండి. హోటల్లో ఆ వేళకు అడుగున మిగిలింది చల్లారిపోయి ఉంది. ఆదోని మేనమామ మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఏమ్మా, పగటేసాలు ఎప్పుడు నేర్సినారు?" అన్నాడు. అర్జెంటు మామా అంటే ఏమనుకున్నాడో, నాలుగు బజ్జీలు మళ్ళీ నూనెలో వేసి తీసి, ఉన్న ఉగ్గానితో కలిపి ఆకులో పొట్లం కట్టి ఇచ్చాడు. మేము వీధంతా పరుగెత్తుకొచ్చి మళ్ళీ మిద్దె ఎక్కి, పొట్లం విప్పి పిట్టగోడ మీద పెట్టాం. కాకి కోసం చూస్తున్నాం. అప్పుడు నిచ్చెన కింద నిలబడి ఎవరో కేకేశారు.

అవ్వ! కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, ముక్కు మాత్రం బజ్జీల వాసన వైపే తిరిగి ఉంది. "పాపా! మీ అమ్మొచ్చినాది మే! మగ్గంకాడ గాలికి పండుకోనుంటి. గవాచిలోంచి పిలిసింది. నీకేం కావల్లమ్మా అనింది. నాకేం సెప్పల్లో తెలీలేదు. మీ అమ్మ పోయినప్పటినుంచీ ఇంట్లో బాండ్లి పెట్టలేదు గదా, నోటికి అదే వచ్చ. బతికిన్నాళ్ళూ నన్ను అత్తా అనింది, పోయినాంక అమ్మా అనింది సూడు!"

నాకూ ఆదోనికీ ఒకేసారి వెలిగింది. ఒకరి మొహం ఒకరం చూసుకోలేక ఇద్దరం కొబ్బరికాయ పుర్రె వైపు చూశాం. పైనున్నవాళ్ళు కిందినుంచి ఆత్మ మాట్లాడిందనుకున్నారు, కిందున్నామె పైనుంచి ఆత్మ పిలిచిందనుకుంది. అవ్వ పక్కింటినుంచి ఎప్పుడు తిరిగొచ్చి పడుకుందో మేము చూసుకోనే లేదు. కండె గోడ పట్టుకుని కిందికి వంగింది.

"కోపంగా ఉన్నాదా అవ్వా?" అని గట్టిగా అడిగింది.

"కోపమా? యాడి కోపం! సల్లగ అడిగింది మే. అదే గొంతు. రవ్వంత గూడా మారలేదు."

కండె అవ్వను చూసింది, మమ్మల్ని చూసింది. ముందు దాని భుజాలు కదిలాయి. తరువాత నవ్వు. నెల రోజులుగా లోపల మూటకట్టి పెట్టిన నవ్వంతా ఒక్కసారి తెగింది. పొట్ట పట్టుకుని, కాలే మిద్దె మీద చతికిలబడి నవ్వింది. ఎక్కడ మారిందో మాకు తెలియలేదు గాని, కాసేపటికి అది ఏడుపైంది. అలాంటి ఏడుపు నేను అంతకుముందు వినలేదు. మాకు ఏం చెయ్యాలో తోచక చెరో పక్కన కూర్చుని మేమూ ఏడ్చాం. కింద నుంచి అవ్వ కూడా. ఈ సందడిలో ఎప్పుడొచ్చిందో, ఒక కాకి పిట్టగోడ మీద వాలి పెద్ద బజ్జీ ఒకటి ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. "ముట్టినాది!" అని ఆదోని ఎగిరి గంతేసింది. ఎవరి కోరిక తీరిందని ముట్టిందో ఆ కాకికే తెలియాలి. మిగిలినవి అవ్వ తింది. మసి మొహంతో ఇంటికి పోయి నాన్నకు ఏం చెప్పానో, ఆయన ఏం చేశారో ఆ కథ నాకు అంత బాగా గుర్తు లేదు, వీపుకు గుర్తుందేమో.

తరువాత మేము మంత్రాలు మానేశాం. ఆదోని పెళ్ళయి ఆదోనికే పోయింది, పత్తి వ్యాపారుల ఇల్లు. నేను నాన్నలాగే టీచరునై ఊరూరూ తిరిగాను. కండె ఎమ్మిగనూరులోనే ఉంది. మొన్న మనవరాలికి చెవులు కుట్టిస్తున్నానని పిలిస్తే ఇద్దరం వెళ్ళాం. మట్టిమిద్దె పోయి స్లాబు ఇల్లు వచ్చింది, గవాక్షి లేదు, మగ్గం మాత్రం ఉంది. మాటల్లో నేను ఇన్నేళ్ళుగా అడగనిది అడిగాను. "నిజం సెప్పు మే, అవ్వ గొంతని నీకు ఎప్పుడు తెలిసింది?"

"అవ్వ గొంతు నాకు తెల్దా? ఉగ్గాని అన్నప్పుడే తెలిసింది."

"మరి మమ్మల్ని ఎందుకు పరిగెత్తించినావే?"

"అవ్వ తినాలనుకున్నాది గదా. అమ్మను అడగల్లని పోతి, అవ్వ అడిగింది. ఎవురో ఒకరికి పెట్టల్ల గదా." అది కాసేపు మగ్గం దారాలు సవరించింది. "మీరు గమనించలేదు గానీ, అవ్వ అదే గొంతు అనింది సూడు. నాకు అప్పుడు తెలిసింది. మా అమ్మ గొంతు యాడికీ పోలేదు మే. నా కాడే ఇడిసిపెట్టి పోయినాది. కోపముంటే ఇడుస్తాదా?"

ఆదోని పక్కకు తిరిగి కళ్ళు ఒత్తుకుంది. నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను (సోడాబుడ్డి ఇంకా దప్పమైంది, తుడవడానికి చాలా ఉంది). కండె లేచి వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు కదిలాయి. ఆపైన, ఇల్లు మారినా మారని గొంతు ఒకటి మెత్తగా మమ్మల్ని అడిగింది.

"మీకేం కావల్ల మే?"

మేము ఇద్దరం, మోకాళ్ళు అరిగిన మంత్రగత్తెలం, ఒకరినొకరం చూసుకోకుండానే ఒక్కసారే బదులు చెప్పాం.

"ఉగ్గాని, బజ్జీ."