డబ్బా మోగాక అదిరిన నేల

భూమి అదిరిన ఆ పొద్దు నేను మదనపల్లెలో ఉన్నాను. చెప్పవలసిన చోట ఈ ఒక్క మాట చెప్పలేదు. అందువల్ల మా బావ పని పోయింది, పేరు పోయింది. "పాత కథ ఇప్పుడు యాల తవ్వుతావప్పా" అని మా వైపు ఇప్పటికీ కొందరు అంటారు. తవ్వుతాను. వద్దనేవాళ్లు పక్కకు జరగండి.

అప్పుడు ఎనభైల మొదలు. పుంగనూరు దగ్గరి ఒక ఊరి స్కూల్లో నేను సోషల్ చెప్పేవాణ్ణి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయాల్సింది స్కూలు కమిటీ ప్రెసిడెంటు. ఊళ్లో అందరూ ఆయన్ను పెద్దాయన అనేవాళ్లు. మా అక్క మొగుడు కుప్పం మనిషి. బావులకు పేలుడు మందు కొట్టడం ఆయన పని. మా రాతినేలలో గడ్డపారతో బావి దిగదు. సమ్మెటతో రాతికి తూట్లు వేసి, మందు దట్టించి, వత్తి అంటించి పేల్చాలి. అంటించే ముందు ఖాళీ కిరసనాయిలు డబ్బా కొట్టి కేక పెట్టాలి. ఆ మోత వినగానే జనం పిల్లల్నీ పశువుల్నీ దూరంగా తోలుకుపోయేవాళ్లు. మా బావ డబ్బా కొట్టకుండా ఏనాడూ నిప్పు పెట్టలేదు.

ఆ ఎండాకాలం ఆయన పెద్దాయన మామిడితోటలో బావి దింపుతున్నాడు. తోట పక్కనే పెద్దాయన కొత్త మిద్దె కట్టించాడు. ఇంకా గృహప్రవేశం కాలేదు.

ఆ రోజు నేను స్కూలుకు ప్రపంచ పటం కొనడానికి మదనపల్లె వెళ్లాను. కొన్నాక, చొక్కా కుట్టించుకుందామని ఒక సాయిబు టైలరు షాపులో కూచున్నాను.

"సారూ, కాలు ఊపుతాండారా?" అన్నాడు టైలరు.

"లేదే."

"మరి నా బల్ల యాల ఊగుతాండాది? యా అల్లా!"

కొక్కేనికి తగిలించిన చొక్కాలన్నీ ఒక్కసారి అటూ ఇటూ ఊగాయి. నేల కింద బరువైన బండేదో దొర్లినట్టు ఒక గుడగుడ. అంతే, ఆగిపోయింది. బజార్లో జనం బయటికొచ్చి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏదో పెద్ద లారీ పోయిందని తేల్చుకుని మళ్లీ బేరాల్లో పడ్డారు.

సాయంత్రం బస్సు దిగేసరికి మా ఊరు ఊరంతా తోట దగ్గరే ఉంది. పెద్దాయన కొత్త మిద్దె గోడ కిటికీ మూల నుంచి పునాది దాకా ఏటవాలుగా చీలింది. బావ డబ్బా కొట్టాడు. ఆ వెనకే నేల అదిరింది, ఆ వెనకే మందు పేలింది. ఊరికి ఇంకేం సాక్ష్యం కావాలి?

"అదిరినప్పుడు నా వత్తి ఇంకా కాలతానే ఉండాది. నా మందు పేలింది ఆ తర్వాత," అని బావ మొత్తుకున్నాడు.

"నీ మందు కాకపోతే మీ తాత వచ్చి ఊపినాడా?" అన్నాడు ఎవడో. అందరూ నవ్వారు.

పంచాయితీ స్కూలు వరండాలో పెట్టారు. ముందు రోజు మా అక్క కుప్పం నుంచి వచ్చింది.

"ఆ పొద్దు కుప్పంలో కూడా గిన్నెలు గలగలా అన్న్యాయి రా. బంగారు గనిలో యాడనో బండ పగిలిందనుకున్న్యాము. గనికి పోయినోళ్లు రైలు దిగేదాకా ఆడోళ్లంతా స్టేషన్లోనే ఉండారు. ఎవరికీ ఏం కాలేదు. నువ్వు సదువుకున్నోడివి, రేపు ఒక మాట సెప్పు."

గని రాష్ట్ర సరిహద్దుకు అవతల ఉంది. లోతున బండ పగిలినప్పుడల్లా కుప్పం వాళ్లకు ఆ అదురు అలవాటే. మదనపల్లె వాళ్లు లారీ అన్నారు, కుప్పం వాళ్లు గని అన్నారు, మా ఊరివాళ్లు బావ మందు అన్నారు. తోటలో పేలిన మందు మదనపల్లెలో చొక్కాలను ఊపలేదు, కుప్పంలో గిన్నెలను కదపలేదు. ఈ మూడూ తెలిసిన మనిషిని ఆ ఊళ్లో నేనొక్కణ్ణే.

మర్నాడు వరండాలో బావ నావైపు తిరిగాడు. "భూమి పాఠం సెప్పేది నువ్వు. ఇది నా మందో, భూకంపమో నువ్వే సెప్పు బామ్మర్దీ."

పెద్దాయన కూడా నావైపు చూశాడు. "సెప్పండి సార్. మన పక్క భూకంపాలు వస్తాయా?"

"మనది గట్టి రాతినేల. భూకంపాలు హిమాలయాల దగ్గర వస్తాయి," అన్నాను. పుస్తకంలో ఉన్న మాటే. అక్కడితో ఆపేశాను.

బావ మందు లైసెన్సు పోయింది. మా వైపు ఎవరూ ఆయన్ను బావికి పిలవలేదు. కుప్పం దగ్గర క్వారీలో ఇంకొకరి కింద రాళ్లు చీల్చే కూలీ అయ్యాడు. ఆ ఏడే నా ఉద్యోగం ఖాయమైంది. అక్క నాతో మాట మానేసింది.

ఆ రోజు ఆపేసిన పాఠం ఇక్కడ పూర్తి చేస్తాను. బెల్లం పెనంలో పాకం చల్లారేటప్పుడు పైన పెచ్చు కడుతుంది. కదిలిస్తే అది పగిలి, ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. భూమి పైపొర కూడా అట్లాంటి పెద్ద పలకలే. కింద ఉన్నదీ రాయే, కాని వేడికి మెల్లగా జరిగే రాయి. మన దేశాన్ని మోసే పలక ఏడాదికి వేలెడంత ఉత్తరానికి జరిగి ఆసియాను గుద్దుకుంటోంది. హిమాలయాలు లేచింది ఆ గుద్దుకే. పలకల అంచులు నున్నగా జారవు, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వానకు ఉబ్బిన తలుపును నెట్టి చూడండి. ఎంత నెట్టినా రాదు, తర్వాత ఒక్కసారిగా వస్తుంది, ఇల్లంతా అదురుతుంది. భూకంపమంటే అదే. అందుకే అవి ఎక్కువగా అంచుల్లో వస్తాయి. జపాన్‌లో, ఇండోనేషియాలో, చిలీలో, మన హిమాలయాల్లో.

కాని ఎక్కువగా అంటే అక్కడ మాత్రమే అని కాదు. ఎద్దులు మొరాయిస్తే బండి వెనక పలకలు కూడా కిర్రుమంటాయి. ఉత్తరాన పడే ఒత్తిడి పలక నడుమ దాకా పాకుతుంది. మదనపల్లె పక్కనున్న హార్స్లీ హిల్స్ కొండల్ని మోసే రాయి ఎంత పాతదో, దానిలోని పగుళ్లూ అంత పాతవి. ఎప్పుడో ఒకసారి వాటిలో ఒకటి జరుగుతుంది. అరుదుగా, చాలాసార్లు చిన్నగా. జరగదని మాత్రం ఏ రాయీ మాట ఇవ్వలేదు. ఇదంతా నాకు ఆ వరండాలో కూచున్నప్పుడే తెలుసు. ముందటి ఏడు వేసవి ట్రైనింగులో చెప్పారు.

పదేళ్ల తర్వాత ఇదే పాఠం చెబుతుంటే ఒక ఆడపిల్ల లేచింది. "మన ఊర్లో కూడా ఒకసారి నేల అదిరిందంట గదా సార్? మాయమ్మ సెప్పింది, ఎవరో బాయికి మందు కొట్టి పెద్దాయన మిద్దె పగలగొట్టినాడంట."

ఆ అబద్ధం పుట్టినప్పుడు ఆ పిల్ల చంటిది. ఆ అబద్ధం నా క్లాసులోనే కూచుని పెరిగింది. "అది భూకంపమే," అని ఆ పిల్లతో అన్నాను. ఆ శనివారం కుప్పం బస్సెక్కాను.

బావ క్వారీలో రాతికి ఉలి పెట్టి ఉన్నాడు. తల ఎత్తలేదు. "రాప్పా భూమి సారూ. ఇది గట్టి రాయేనా, సూసి సెప్పు."

"బావా, తప్పయింది."

"ఈడ యాల సెప్తాండావు? ఈ రాళ్లకు నేను మిద్దె పగలగొట్టినానని ఎవురూ సెప్పలేదు. ఆ పొద్దు ఎవరి ముందర నోరు మూసుకున్న్యావో, వాళ్ల ముందర తెరువు."

"తెరుస్తాను. నువ్వు రావాల."

"వస్తా. డబ్బా నేనే కొడతా."

అన్నట్టే వచ్చాడు. అక్క కూడా వచ్చింది, కాని నాకు దూరంగా నిలబడింది. ఆదివారం పొద్దున స్కూలు వరండా ముందు బావ పాత డబ్బా పైకెత్తి కొట్టాడు. ఆ మోత మరిచిపోని ముసలివాళ్లు పిల్లల్ని లాక్కుంటూ ఇళ్లలోంచి బయటికొచ్చారు. పెద్దాయన కర్ర పోటేసుకుంటూ వచ్చాడు.

"అయిపోయిందానికి ఇప్పుడు యాల సార్ రచ్చ?" అన్నాడు.

"అయిపోలేదు," అన్నాను. ఉద్యోగం ఖాయమైనవాడి ధైర్యం ఎంతదో నాకు తెలుసు. అయినా ఆగలేదు. బావకు ఎదురుగా నిలబడి, ఊరంతా వినేటట్టు చెప్పాను.

"బావా, నేల అదిరినప్పుడు నేను మదనపల్లెలో ఉండాను. ఆడ కూడా అదిరింది. కుప్పంలో కూడా అదిరిందని అక్క నాకు ముందే సెప్పింది. ఆ గోడ నీ మందుకు చీలలేదు. అది నాకు తెలుసు, ఉద్యోగం కోసం నోరు మూసుకున్న్యాను. నన్ను క్షమించు."