గడప దగ్గర ఇంగువ డబ్బా

మొదటిసారి కరోనా వచ్చినప్పుడు నాకంటే ముందు మా అమ్మే కనిపెట్టింది. చారన్నం తింటూ, ఇంగువ ఎక్కువైందనో తక్కువైందనో వంక పెట్టకుండా నేను కంచం ఖాళీ చేశానట. "నీకేదో వచ్చిందే" అంది. పుట్టింది గోదావరి పక్కన, పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ తార్నాకే. ఎక్కడున్నా ఆవిడ లెక్కలో ఇంగువ వాసన తెలియని ముక్కు ముక్కే కాదు. తర్వాత చేయించుకున్న పరీక్ష కూడా ఆవిడ మాటే ఖాయం చేసింది.

అమ్మకు అంటుకోకుండానే నేను కోలుకున్నాను. అసలు తంటా అక్కడే మొదలైంది. యూనివర్సిటీలో నేను కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేదాన్ని. రెండో విడత ముంచుకొచ్చేసరికి, ఇళ్ళకు పోలేక హాస్టల్లో ఉండిపోయిన రీసెర్చి విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు పడకేశారు. వాళ్ళకు అన్నం, మందులు ఎవరు అందించాలి? మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఫోన్ చేశారు. "మేడమ్, మీకైతే వచ్చిపోయింది గదా. ఇంక మీకేం భయమున్నది?" నా పీహెచ్‌డీని ఏనాడూ లెక్కచేయని మనిషి ఈ ఒక్క అర్హతకు మాత్రం పెద్దపీట వేశారు. కాదంటే మళ్ళీ ఏడాదికి కాంట్రాక్టు ఉండదని ఆయన అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

అపార్ట్‌మెంట్లోనూ అదే పాట. ఎదురింటావిడ తలుపు సందులోంచి పిలిచేది. "మేడమ్, విద్యానగర్ల మందులు దొరుకుతున్నయట. జర తెచ్చిపెడ్తరా? మీకు వచ్చిపోయింది గదా." తిట్టుకుంటూనే తెచ్చిపెట్టేదాన్ని.

మళ్ళీ వస్తుందేమోనన్న భయం నా కోసం కాదు. అమ్మకు షుగరు, పైగా గుండెకు స్టెంటు. టీకా ఒక డోసు పడింది, రెండోది దొరకడం లేదు. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రాదు కదా అని డాక్టర్ను ఫోన్లో అడిగితే, "రాదని చెప్పలేనమ్మా" అన్నాడు. అంతకంటే చెప్పడానికి ఆయనకు తీరికా లేదు. హాస్టల్ గదుల ముందు పొట్లాలు పెట్టి, తలుపు కొట్టి, లోపలి దగ్గు దగ్గరయ్యేలోగా వెనక్కి తిరిగేదాన్ని. పెట్టిన పొట్లం మర్నాటికీ అక్కడే ఉంటే, లోపల్నుంచి పలికేదాకా తలుపు కొడుతూనే ఉండేదాన్ని.

ఇంటికి రాగానే అమ్మ నన్ను గడప దగ్గరే ఆపేది. ఇంగువ డబ్బా మూత తీసి, చెయ్యి చాపి నా ముక్కు కింద పెట్టేది.

"వస్తోందా?"

"వస్తోంది."

"అయితే లోపలికి రా."

అదే మా ఇంటి పరీక్ష. నవ్వొచ్చేది, చిరాకూ వచ్చేది, కానీ ఆ ఘాటు తగలగానే నిజంగానే ప్రాణం లేచొచ్చేది. నాకు వాసన తెలుస్తున్నంత కాలం అమ్మకేమీ కాదని నేనూ నమ్మాను. ఇంత చదువూ చదివి.

ఆ రోజూ డబ్బా పెట్టింది, వస్తోందన్నాను, స్నానానికి వెళ్ళాను. నీళ్ళు పోసుకుంటుంటే మాడు వాసన. ముందు సంతోషమే వేసింది, ముక్కు భేషుగ్గా పనిచేస్తోందని. తడి జుట్టుతోనే వంటింట్లోకి పరిగెత్తితే, పొయ్యి మీద పప్పు అడుగంటి నల్లబడుతోంది. అమ్మ దానికి వీపు పెట్టి, అక్కడే నిలబడి తోటకూర గిల్లుతోంది.

"అమ్మా, పప్పు!"

వెనక్కి తిరిగి గిన్నె వంక చూసింది, తర్వాత నా వంక. నేను పొయ్యి ఆర్పి, డబ్బా తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"ఈ ఇంగువ పాతదైపోయిందే" అంది. "వాసన పోయింది."

రెండు రోజుల్లో అమ్మకు ఆయాసం మొదలైంది. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లు దింపడానికి ఒక చెయ్యి సాయం పట్టమని ఎదురింటి తలుపు కొట్టాను. తెరవలేదు. "మీకు వచ్చిపోయింది గదా మేడమ్, జర మీరే తోల్కపోన్రి" అని లోపల్నుంచి వినిపించింది.

ఆసుపత్రిలో ఇద్దరికీ పరీక్ష చేశారు. ఇద్దరికీ ఉంది. నాకు రెండోసారి వచ్చింది, ఈసారి ముక్కు జోలికి పోలేదు.

అమ్మ తిరిగి రాలేదు. అంతా అయిపోయాక ఒక్కదాన్నే ఇంటికొచ్చి, తాళం తీసి, అలవాటుగా గడప దగ్గర ఆగిపోయాను. లోపలికి రా అనేవాళ్ళు లేరు.