కొక్కెం పక్కనపెట్టి చెయ్యి పెట్టిన రోజు

మా అత్తగారు నన్ను తిట్టి పన్నెండు రోజులైంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మా రైల్వే క్వార్టర్‌లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ ఆవిడ మొదలుపెట్టేవారు: పంచదార ఎక్కువైందనో, ముగ్గు వంకర పోయిందనో, గుమ్మంలో చెప్పులు తిరగబడ్డాయనో. నేనూ తక్కువదాన్ని కాను. కోపం నాకు ముక్కుమీదే ఉంటుంది, ఒకటంటే రెండనేదాన్ని. మా ఆయన టిఫిన్ డబ్బా చేతబట్టుకుని మా ఇద్దరి మధ్యనుంచీ చల్లగా డ్యూటీకి జారుకునేవారు.

ఈ వానాకాలం మొదట్లో ఆవిడకు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో ఐదు రోజులుంచి పంపారు. జ్వరం పోయింది గానీ నోరు చచ్చిపోయింది. జావ కాచి ఇస్తే రెండు చెంచాలు తాగి గోడవైపు తిరిగేవారు. పప్పుచారు, పెరుగన్నం, ఇడ్లీ, అన్నీ అయ్యాయి. "ఇక మందులతో పనిలేదు, తిండి కావాలి. తినకపోతే మళ్లీ ఇక్కడికే తీసుకొస్తారు, ఈసారి ఆమె తట్టుకోలేదు" అని డాక్టరు హిందీలో మొహమ్మీదే చెప్పేశాడు. నాకు భయం పట్టుకుంది. తిట్టని అత్తగారిని ఎలా చూసుకోవాలో నాకు తెలియదు.

పన్నెండో రోజు సాయంత్రం ఆవిడే నోరు తెరిచారు.

"పీతల సారు తాగాలనుందే."

అన్ని రోజుల్లో ఆవిడ అడిగింది ఆ చారొక్కటే. వెంటనే సంచీ పట్టుకుని బజార్‌కి పరిగెత్తాను. ఒక్క పీత లేదు. ఆకుకూరలమ్మే ఆమె ఒకతె కనిపించింది. తెలుగు సరిహద్దులోని కోంటా వైపు నుంచి పెళ్లి చేసుకుని ఇటొచ్చిన మనిషి, మా క్వార్టర్ల వెనకే ఉంటుంది. నాతో తెలుగులో, మొగుడితో గోండీలో, బేరానికొచ్చిన వాళ్లతో హిందీలో మాట్లాడుతుంది.

"నాట్లు పడ్డయ్ గదక్కా, అందరూ పొలాలల్లనే ఉన్నరు. ఎండ్రికాయలు ఎవరు తెస్తరు?" అంది. "రేపు పొద్దుగాల నాతోటి రా. నువ్వే పట్టుకో."

నాకు తెలిసిన పీతలన్నీ బుట్టలో, కాళ్లు కట్టేసి ఉన్నవే. జీవితంలో ఒక్కదాన్ని కూడా నా చేత్తో పట్టింది లేదు. ఆ మాట ఒప్పుకుంటే పోయేదేముంది? ఒప్పుకోలేదు.

"మాది సముద్రపు ఒడ్డు. నాకు నువ్వు నేర్పేదేంటి?" అనేశాను.

అలా అనడానికి నాకొక ధైర్యం ఉంది. మా వంటింటి గోడకు మా మామగారి కొక్కెం వేలాడుతూ ఉంటుంది. చేతి కర్రంత పొడుగు ఇనుప ఊచ, చివర వంపు. ఉద్యోగం వచ్చి ఈ కిరందుల్ రైలు లైనుకు రాకముందు ఆయన విజయనగరం వైపు మా ఊళ్లో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్లలోకి వెళ్లి, సందుల్లో దాక్కున్న ఆక్టోపస్‌లను దాంతో లాగేవారట. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. నెలకోసారి అత్తగారు దాన్ని దించి కొబ్బరినూనె రాసి మళ్లీ తగిలిస్తారు. ఇంకెవరూ ముట్టుకోకూడదు.

తెల్లారి, ఆవిడ నిద్రలో ఉండగా, ఆ కొక్కెం తీసి చీర చాటున పెట్టుకుని, ఒక ఖాళీ క్యాన్ పట్టుకుని బయల్దేరాను.

రాత్రంతా కురిసి వాన వెలిసింది. పొలాల మధ్య వాగు గట్టంతా బొరియలే. దారి చూపడానికి వచ్చిన ఆకుకూరలామె నా కొక్కెం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మా మామగారిని తలుచుకుని మొదటి బొరియలోకి కొక్కెం దూర్చాను. ఏదో తగిలింది. లాగాను. ఒక కాలు ఊడి వచ్చింది, కాలు మాత్రమే. మళ్లీ దూరిస్తే ఏమీ లేదు. రెండోదాంట్లో పొడిచేసరికి బొరియే కూలిపోయింది. మూడోదీ అంతే. వెనక్కి తిరిగితే ఆమె గట్టుమీద కూలబడి నవ్వుతోంది. నాకు ఒళ్లు మండింది.

"ఏందే ఆ నవ్వు?" అన్నాను, ఆమె యాసలోనే.

"ఇది రాయి గాదక్కా, మట్టి. రాయిల ఉండేది నీ ఇనుమును చుట్టుకుంటది, గుంజితే వస్తది. ఇది ఎనక్కు పోతది. నువ్వు పొడిచిన కొద్దీ ఇంకా లోపలికే. అది పక్కన పెట్టు. చెయ్యి పెట్టు."

"పాముంటే?"

"పాము బొరియ మూతి నున్నగ ఉంటది. ఇగ చూడు, దీని మూతికాడ తాజా మట్టి ఉండలున్నయ్ గదా? రాత్రి తోడి బయట పోసింది. ఇది ఎండ్రికాయదే."

అలా చెప్పి ఆమె వంగి, మోచేతి దాకా చెయ్యి పంపి, మనం పోపులపెట్టెలో జీలకర్ర తీసినంత సులువుగా ఒకదాన్ని తీసి చూపించింది. వేళ్లు ముడిచి, చేతిని బొరియ పైగోడకు ఆనించి మెల్లగా పంపాలి. పీత వీపు మీది డిప్ప తగలగానే కిందికి అదిమి పట్టాలి. లాగకూడదు. కాళ్లు తన్నిపెట్టి ఉన్నంతసేపూ అది రాదు, అది సడలేదాకా ఆగాలి.

చెయ్యి పెట్టాను. లోపల చల్లగా, జిగటగా ఉంది. మణికట్టు దాటింది, మోచెయ్యి దాకా వెళ్లింది. వేలి కణుపులకు గట్టిగా ఏదో తగిలి కదిలింది. కెవ్వున అరిచాను గానీ చెయ్యి తియ్యలేదు. అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్న వీపు కళ్లముందు కనిపించింది. అదిమాను, ఆగాను. సడలింది. తీశాను!

అరచేతంత మట్టిపీత. పిచ్చి ఆనందం వచ్చేసింది. దాన్ని క్యాన్‌లో వేయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని పీతను వెల్లకిలా తిప్పింది. కడుపు కింద రేకు తెరిస్తే లోపల గింజల్లాంటి పిల్లలు, కదులుతున్నాయి.

"దీన్ని పెట్టెయ్యాలె. యాడ తీసినవో ఆడనే."

"మొట్టమొదటిది! మా అత్తయ్య తిండి మాని రోజులైంది, నీకేం తెలుసు?"

"తెలుసు. పిల్లలతల్లిని మేం తీస్కపోం. తీస్కపోతే వచ్చేయేడు ఈ గట్టుల ఏముంటది?"

కోపంతో ఏడుపొచ్చింది. అయినా ఆమె గట్టు, ఆమె పద్ధతి. అదే బొరియలో మళ్లీ మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని దించి వచ్చాను. చెయ్యి బయటికి తీశాక గమనించాను, ఈసారి అసలు భయమే వెయ్యలేదు.

ఇక ఆగలేదు. మట్టి ఉండలున్న ప్రతి మూతి దగ్గరా కూర్చున్నాను. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. నాలుగోది చూపుడువేలు పట్టుకుంది, రక్తం కారింది, నేనూ వదల్లేదు. సరిగ్గా అప్పుడే ఇనుప రాయి మోసే గూడ్సు బండి రైలు కట్టమీద పోతోంది. వేలికి వేలాడుతున్న పీతను పైకెత్తి ఇంజనుకేసి చూపించి అరిచాను. హారన్ మోగింది. ఎందుకు కొట్టాడో తెలియదు, నాకోసమేనని తీసుకున్నాను. ఎండెక్కేసరికి నా క్యాన్‌లో ఏడు పీతలు. "నువ్వు పనికొస్తవక్కా" అంది ఆమె.

ఇంటికొచ్చి కొక్కెం మేకుకు తగిలించేసి పొయ్యి వెలిగించాను. పీతల్ని కడిగి, రోట్లో దంచి, రసం వడగట్టి, మిరియాలు, వెల్లుల్లి, కాస్త చింతపండు వేసి మరిగించాను. వాసన ముందుగదిలోకి వెళ్లినట్టుంది, మంచం కిర్రుమంది. గ్లాసు తీసుకెళ్లేసరికి ఆవిడ లేచి కూర్చుని ఉన్నారు. ఒక గుక్క, ఇంకో గుక్క. గ్లాసు ఖాళీ చేసి నావైపు చాపారు. రెండోసారి అందులో అన్నం పిసికి పెట్టాను. గిన్నె అడుగు గీకి మరీ తిన్నారు.

మూతి తుడుచుకుని, గోడ పట్టుకుని మెల్లగా లేచి, పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి వంటింటి దాకా నడిచి వచ్చారు. గోడమీది కొక్కెం వైపు చూశారు. దాని వంపులో బురద ఎండి ఉంది.

"ఏటే ఇది?" గొంతు ఒక్కసారిగా లేచింది. "ఆయన సేతి ఇనుము బురదలో ఎట్టినావా? ఎట్టినదానివి కడగనైనా కడిగినావా? తుప్పట్టిపోద్దని తెల్దా నీకు? సిగ్గు నేదూ! సారులో ఉప్పు కూడా సరిగ్గా ఏసినావు కాదు!"

పక్క క్వార్టర్ వాళ్లు కిటికీ తెరిచి చూసేంత గట్టిగా తిట్టారు. మా ఆయన పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఒకటంటే రెండనే నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. కొక్కెం దించి, కుళాయి కింద కూర్చుని, నవ్వాపుకోలేక నవ్వుతూ, ఏడుస్తూ, దాన్ని కడిగాను. ఆవిడ వెనకే నిలబడి, వంపులో ఇంకా మట్టి ఉందని తిడుతూనే ఉన్నారు.