కేరింతకు ఒక ఉదాహరణ

ఆఫీసులో అందరూ ఆమెను అర్థాలమ్మ అంటారు. నిఘంటువు తయారయ్యే ఆ గదిలో మాటలకు అర్థాలు రాయడం ఆమె పని. అక్కడో నియమం ఉంది: ఉదాహరణ వాక్యాన్ని సొంతంగా అల్లకూడదు, ఎవరో ఒకరి నోట చెవులారా వినాలి. ఆ వంకతో ఆమె బస్సులోనూ బజారులోనూ ఊరందరి మాటలకూ చెవి ఒగ్గుతుంది. ఇంట్లోవాళ్ళు తల పట్టుకున్నా లెక్కచేయదు.

ఆ వారం ఆమె బల్ల మీదికి ‘కేరింత’ వచ్చింది. కేర్‌మనే ధ్వనిలోంచే ఈ మాట పుట్టి ఉంటుందని రాసింది. అర్థం: ‘పసిపిల్లలు సంతోషం పట్టలేక గొంతెత్తి నవ్వే నవ్వు.’ దాని కింద ‘పెద్దలకు వాడరు’ అని చేర్చింది.

“అదేంటమ్మా, మ్యాచ్ గెలిస్తే జనం కేరింతలు కొట్టారని పేపర్లో రాస్తారుగా?” అన్నాడు పెద్దసారు.

“అది పేపర్లో మాట సార్. మనిషి నోట వినిపించండి, ఆ ముక్క కొట్టేస్తాను.”

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

ఉదాహరణ చోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. దానికి కారణం ఇంట్లో ఉంది. కూతురి బిడ్డకు జబ్బు చేస్తే ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేశారు. జబ్బు తగ్గి పాప ఇంటికొచ్చింది కానీ గొంతు రాలేదు. నవ్వితే నోరు తెరుచుకుంటుంది, బుగ్గలు ఉబ్బుతాయి, గాలి తప్ప ఏమీ వినబడదు. ఏడ్చినా అంతే. వాపు తగ్గితే వస్తుందన్నాడు డాక్టరు. రాకపోతే? ఆ ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు. అల్లుడు అసలే ముభావి, ఇప్పుడు నోరు విప్పడమే మానేశాడు. అర్థాలమ్మ గుండె రాయి చేసుకుని ఆఫీసుకు వెళ్ళివచ్చేది. కేరింత కాగితాన్ని మాత్రం రోజూ దొంతర అడుగుకు తోసేసేది.

ఆదివారం పొద్దున అల్లుడు వసారాలో బట్టలు ఆరేస్తున్నాడు. పాప పక్కనే చాప మీద ఉంది. దులుపుతున్న దుప్పటి కాస్తా జారి అతని నెత్తినే పడింది. కళ్ళు కనబడక వెళ్ళి గోడకు గుద్దుకున్నాడు.

చాప మీంచి బొంగురుగా ఓ కేక లేచింది. వెంటనే ఇంకోటి, ఈసారి గొంతు నిండుగా. పాప కాళ్ళు తపతపా కొట్టుకుంటూ నవ్వుతోంది.

అల్లుడు దుప్పటి విసిరేసి, పాపను ఎత్తుకుని గిరగిరా తిరుగుతూ తనూ అరవడం మొదలెట్టాడు. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన కూతురు గుమ్మంలోనే కూలబడింది.

“అమ్మా, చూడవే! పాపకంటే వాళ్ళ నాన్నే ఎక్కువ కేరింతలు కొడుతున్నాడు!”

హమ్మయ్య అనుకుంది అర్థాలమ్మ. ఇన్నాళ్ళూ గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ, “ఏమన్నావ్? మళ్ళీ అను,” అంది.

“అమ్మా! ఇప్పుడు కూడానా?”

మర్నాడు పెద్దసారు కాగితం చూశాడు. ‘పెద్దలకు వాడరు’ కొట్టేసి ఉంది. ఖాళీ చోట కూతురి మాట ఉంది.

“ఎవరమ్మా ఈ నాన్న?”

“మా అల్లుడు సార్. పాపకు గొంతొచ్చింది,” అంది.